తాళం గుర్తు రాకపోయినా భయపడవద్దు

"ఐదింటి దాకా టైముంది మీకు, కన్నారావు గారూ. ఐదుకి పోలీసులొస్తారు, ఆ పిల్లను అప్పజెప్పేస్తాను. ఐదుకే రేపటి బోటు లిస్టు కూడా మూసుకుంటుంది. ఆ తర్వాత నాకు తీరిక ఉండదు," అంది సుష్మ.

పగడం ఫెర్రీ సర్వీసుకు ఆవిడ మేనేజరు. గోడ గడియారంలో మూడూ పది.

కన్నారావు తలూపి కుర్చీ లాక్కున్నాడు. ఇరవై ఏళ్లు టెలిఫోన్ తీగలతో, ఆ తర్వాత పదేళ్లు వెబ్‌సైట్లతో కుస్తీ పట్టిన మనిషి. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ డిగ్నాబాద్‌లో ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకుని, ఇంటర్నెట్‌లో మోసపోయినవాళ్ల తరఫున కూపీ లాగుతుంటాడు. నిన్న సాయంత్రం డాలీగంజ్ నుంచి యిర్మియా ఫోన్ చేశాడు. "మా అమ్మాయి ఎలీసబెతు మీద నింద పడింది భయ్యా, నువ్వు తప్ప ఎవరూ లేరు," అన్నాడు. 'పగడం ఫెర్రీ' అన్న మాట చెవిన పడగానే కన్నారావు గుండెలో ముల్లు కదిలినట్లయింది. ఎందుకో అతనికి తెలుసు. తెలిసే, తెలియనట్టు వచ్చి కూర్చున్నాడు.

సంగతి ఇది. హట్‌బే రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చే బోటులో కింది అంతస్తులో ఆరు బెర్తులు రోగులకే. మంగళవారం మూడో నంబరు బెర్త్ ఎరుకమ్మది. మూత్రపిండాల జబ్బు మనిషి, పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. కొడుకు నూకన్న ఆమెను జెట్టీకి తీసుకొచ్చేసరికి లిస్టులో పేరు లేదు. ఆ ఉదయం ఆరూ నలభై రెండుకు, పోర్ట్‌బ్లెయిర్ కౌంటర్‌లో పనిచేసే ఎలీసబెతు లాగిన్ నుంచి ఆ టికెట్టు రద్దయింది. ఖాళీ అయిన బెర్తు నాలుగు నిమిషాల్లో ఒక టూరు పార్టీకి వెళ్లిపోయింది. మళ్లీ బోటు శుక్రవారం, అంటే రేపు. అదీ తప్పితే వచ్చే మంగళవారమే. అక్కడి డాక్టరు ఆదివారం దాకా కూడా హామీ ఇవ్వనన్నాడు.

"భయ్యా, మీరు శ్రమపడి వచ్చారు గానీ రిపోర్టు అయిపోయింది," అంటూ యుగంధర్ నలభై పేజీల కట్ట బల్ల మీద పెట్టాడు. ఈ ఊరి మిన్నీ బేలో పుట్టి, హైదరాబాదులో చదివి, కంపెనీలకు సెక్యూరిటీ ఆడిట్లు చేసే కుర్రాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. "యూజర్ ఎలీసబెతు. పాస్‌వర్డ్ మొదటిసారే సరిపోయింది. మొబైల్ నెట్ నుంచి వచ్చింది. స్తంభాలెక్కి తీగలు పట్టుకునే కాలం కాదిది. కంప్యూటర్ రాసుకునే లాగ్ అబద్ధం చెప్పదు."

"చెప్పదు. అడగని దానికి జవాబూ చెప్పదు," అన్నాడు కన్నారావు మెల్లగా. "వీళ్ల డొమైన్ కింద సబ్‌డొమైన్లు ఎన్ని?"

"సబ్‌డొమైన్లంటే?" అంది సుష్మ.

"పగడం ఫెర్రీ అన్నది ఇంటి పేరు మేడమ్. దాని ముందు 'బుక్' అని చేరిస్తే ప్రయాణికుల గది, 'స్టాఫ్' అని చేరిస్తే ఉద్యోగుల గది. అలాంటివి."

"మూడు," అన్నాడు యుగంధర్. "బుక్, స్టాఫ్, మెయిల్. మూడింటికీ హెచ్‌టీటీపీఎస్. అంటే తాళముంది. దారిలో ఎవడూ పాస్‌వర్డు చదవలేడు."

"మూడేనని ఎలా తేల్చావు?"

"సర్టిఫికెట్ల పబ్లిక్ జాబితా. తాళం జారీ అయిన ప్రతి పేరూ అందులో పడుతుంది. ఇంకేమైనా డౌటా?"

కన్నారావు నాలుక చివర జవాబుంది. తాళాలవాడి పుస్తకంలో తాళం కొన్న తలుపులే కదా ఉండేది. కానీ ఆ మాట అంటే, తాళం లేని తలుపు ఎక్కడుందో కూడా చెప్పాలి. 

"కింద కౌంటర్ ఒకసారి చూస్తాను," అని లేచాడు.

మూడూ ఇరవై ఐదు. కౌంటర్ గదిలో ఎలీసబెతు గోడవార స్టూలు మీద కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఆమె కంప్యూటర్ ముట్టుకోకూడదని లాగిన్ నిన్ననే ఆపేశారు.

"మంగళవారం ఆరూ నలభై రెండుకు ఎక్కడున్నావమ్మా?"

"బస్సులో అంకుల్. డాలీగంజ్‌లో ఆరున్నరకి ఎక్కాను. కండక్టర్ భయ్యాకి తెలుసు. కానీ యుగంధర్ సార్ ఏమన్నారో తెలుసా? బస్సులో ఫోన్ పని చెయ్యదా అన్నారు."

"పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావా?"

"యేసయ్య తోడు, ఎవరికీ చెప్పలేదు. మా అన్నయ్యక్కూడా."

అన్నయ్యంటే స్టీవెన్. హట్‌బే కౌంటర్‌లో ఉంటాడు. మూడేళ్లు కన్నారావు దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ ఉద్యోగానికి సిఫారసు చేసిందీ కన్నారావే.

"స్టీవెన్ ఏమంటున్నాడు?"

"ఏడ్చాడంకుల్. నీకేం కాదు, నీకేం కాదు అని ఒకటే ఏడుపు."

"సోమవారం సంగతి చెప్పు. ఏదైనా తేడాగా జరిగిందా? పేజీ తెరుచుకోకపోవడం, పాస్‌వర్డు రెండుసార్లు అడగడం..."

ఆ పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. "అడిగింది! సోమవారం వాన కదా, నెట్ చచ్చిపోయింది. స్టాఫ్ పేజీ తిరుగుతూనే ఉంది. అప్పుడు అద్దం కింద కాగితంలో ఉన్న అడ్రసు కొట్టాను. పేజీ టక్కున వచ్చింది. పాస్‌వర్డు కొడితే తప్పంది. మళ్లీ కొడితే ఇంకేమీ అనలేదు. ఈలోగా అసలు పేజీ కూడా తెరుచుకుంది, దీని సంగతి మర్చిపోయాను."

కన్నారావు ఆమె దగ్గరకు వంగాడు. "తాళం గుర్తు లేదని, ఇది సురక్షితం కాదని కంప్యూటర్ చెప్పలేదా?"

"చెప్పింది అంకుల్. కానీ కాగితం మీదే రాసుంది కదా!" అంటూ ఆమె బల్ల దగ్గరకొచ్చి వేలు పెట్టి చూపించింది.

బల్ల అద్దం కింద పాత క్యాలెండర్ బొమ్మ, ఒక బైబిలు వాక్యం, రంగు వెలసిన టైంటేబుల్. వాటి మధ్య పసుపు తిరిగిన కాగితం.

*నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు 'స్టాఫ్'కు బదులు 'లైట్' అని కొట్టండి. తాళం గుర్తు రాకపోయినా భయపడవద్దు.*

"నాకు చర్చిలో పాటల పుస్తకం చదివేంత తెలుగే వచ్చంకుల్. కానీ ఇది చదవగలిగాను. ఎవరు రాశారో గానీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."

అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అతని భార్య రాజకుమారి కూడా అనేది. సరుకుల చీటీ కూడా అతని చేతే రాయించి, కొట్టువాడికి చూపించి మురిసిపోయేది.

"ఇది నేను తీసుకుంటాను," అన్నాడు కన్నారావు. అద్దం ఎత్తి, కాగితం మడిచి, జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎవరు రాశారో చెప్పలేదు.

మూడూ యాభై. జెట్టీ కమ్మీని ఆనుకుని నిలబడ్డాడు. కాగితం జేబులో ఉంది. కింద నీళ్లున్నాయి. చెయ్యి ఒక్కసారి విదిలిస్తే చాలు. ఆ పేజీ ఎవరి చేతి పనో ఈ దీవుల్లో చెప్పగల కాగితం ఇదొక్కటే.

అప్పట్లో ఇక్కడికి నెట్ ఉపగ్రహం మీదుగా వచ్చేది. తాళం ఉన్న పేజీ తెరుచుకోవాలంటే అటూ ఇటూ పలకరింపులే నాలుగు సార్లు ఆకాశానికి వెళ్లి రావాలి. హట్‌బేలో జనం టికెట్టు కోసం గంటలు కూర్చునేవారు. అందుకే తాళం తీసేసి, బొమ్మలు తీసేసి, పగడం ఫెర్రీ వాళ్ల కోసం ఒక తేలికపాటి పేజీ కట్టాడు. హెచ్‌టీటీపీ, చివర ఎస్ లేదు. ఊరంతా మెచ్చుకుంది. 2020 ఆగస్టులో సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. ఆ వారం చేయాల్సిన పనుల చీటీలో మొదటిది 'లైట్ మూసెయ్యాలి'. సోమవారం రాసుకున్నాడు. బుధవారం రాజకుమారిని ఆసుపత్రిలో చేర్చారు, ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. ఆ చీటీలో పనులన్నీ ఈనాటికీ అలాగే ఉన్నాయి.

దుఃఖంలో మర్చిపోయానంటే ఎవరైనా క్షమిస్తారు. కానీ అతను మర్చిపోలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఆ చీటీ, దానితో పాటు ఆ బుధవారం గుర్తొచ్చేవి. రేపు చూద్దాంలే అనుకునేవాడు. ఆ రేపటి ఖరీదు ఇప్పుడు ఎరుకమ్మ కడుతోంది.

"అంకుల్."

ఎలీసబెతు. చేతిలో టీ గ్లాసు, దాని మీద మూతగా పెట్టిన బిస్కెట్టు. "మీరు పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు. మొహం పీక్కుపోయింది. ముందు ఇది తాగండి."

ఇంకో గంటలో పోలీసు జీపు ఎక్కాల్సిన పిల్ల. కన్నారావు గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాక చెయ్యి జేబు దగ్గర నుంచి దానంతటదే తొలగింది.

"రా తల్లీ, పైకి పోదాం."

నాలుగూ పది. పైన సుష్మ లేదు, పోలీసులతో ఫోన్ మాట్లాడడానికి పక్క గదిలోకి వెళ్లిందట. కన్నారావు కాగితం విప్పి యుగంధర్ రిపోర్టు మీద పరిచాడు.

"నాలుగో సబ్‌డొమైన్. నీ జాబితాలో పడదు, ఎందుకంటే దానికి తాళమే లేదు. ఈ రాత నాది. ఈ పేజీ కట్టిందీ నేనే, మూయనిదీ నేనే."

ఎలీసబెతు వంగి ఆ అక్షరాలు మరోసారి చదివింది.  అతన్ని తిట్టినా బాగుండేది.

యుగంధర్ నవ్వబోయి ఆగాడు. "ఏంటి భయ్యా మీరు! ఇందాక నా పక్కనే కూర్చుని, సబ్‌డొమైన్లు ఎన్ని అని నన్నే అడిగారా? ఆ పిల్ల జైలుకు పోతుంటే?"

"అవును."

"నేనైతే ఆ కాగితాన్ని సముద్రంలో పడేసేవాణ్ని," అన్నాడు యుగంధర్, ఈసారి వెటకారం లేకుండా. లాప్‌టాప్ దగ్గరకు లాక్కుని ఆ పేరు కొట్టాడు. పేజీ తెరుచుకుంది. అచ్చం స్టాఫ్ లాగిన్ పేజీ. "ఇదిగో బతికే ఉంది. మీ సర్వరేనా?"

"కాదు. నాది అద్దె సర్వరు, అప్పుడే వదిలేశాను. కానీ 'లైట్ ఎక్కడ?' అని అడిగితే కంపెనీ డొమైన్ రికార్డు ఇప్పటికీ ఆ పాత చిరునామానే చూపిస్తోంది. నేను గది ఖాళీ చేశాను, బోర్డు మాత్రం పీకలేదు. ఖాళీ గదిలో ఇంకెవరో దిగారు. అచ్చు ఇలాంటి వాకిలే పెట్టుకుని, వచ్చినవాళ్ల తాళంచెవులకు నకళ్లు తీసుకుంటున్నారు."

"ఎవరో కనిపెట్టలేం."

"వాడే చెప్తాడు. స్టాఫ్‌లో ఒక ఉత్త యూజర్ని తయారు చెయ్యి. లోపల ఏ అధికారమూ వద్దు. ఆ పేరు, పాస్‌వర్డు తీసుకెళ్లి లైట్ పేజీలో కొడదాం. నకలు తీసినవాడు దాన్ని అసలు తలుపుకి పెట్టి చూడకుండా ఉండలేడు."

యుగంధర్ అతనికేసి ఒక క్షణం చూశాడు. "స్తంభాల కాలం బుర్రే, పని చేస్తుంది," అన్నాడు.

నాలుగూ ఇరవై ఎనిమిదికి ఎర వేశారు. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. ముప్ఫై రెండు. ముప్ఫై ఐదు. ఎలీసబెతు పెదాలు ప్రార్థనలో కదులుతున్నాయి. ముప్ఫై తొమ్మిదికి లాగ్‌లో కొత్త వరుస పడింది.

"దొరికాడు! తొందరలో మొబైల్ నెట్ వదిలేసి ఆఫీసు లైన్ నుంచే వచ్చాడు. ఈ నంబరు..." యుగంధర్ వేలు తెర మీద జారి ఆగిపోయింది. ఎలీసబెతు వైపు చూడకుండా లాప్‌టాప్‌ను కొద్దిగా పక్కకు తిప్పాడు. ఆ తిప్పడంలో ఉన్న దయ కన్నారావు గమనించాడు.

హట్‌బే కౌంటర్. అక్కడ పనిచేసేది ఒక్కడే.

ఆ అద్దె సర్వరు పేరు కన్నారావుకు తెలుసు. అతని పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడికి తెలుసు. మూడోవాడికి తెలిసే దారి లేదు.

"ఎవరంకుల్?" అంది ఎలీసబెతు ఆశగా. "నేను కాదని తేలినట్టేనా?"

"తేలింది తల్లీ," అన్నాడు కన్నారావు. ఎవరన్నది మాత్రం దాటేశాడు.

తలుపు తోసుకుని సుష్మ వచ్చింది. నాలుగూ నలభై ఆరు. ముగ్గురి మొహాలూ చూసి, తెర చూసి, బల్ల మీది కాగితం చూసింది. "ఇదేంటి, సాక్ష్యమా? ఫైల్లో పెడతాను," అని చేతిలోకి తీసుకుంది.

అప్పుడే ఎలీసబెతు ఫోన్ మోగింది. "అన్నయ్య!" అంటూ ఆ పిల్ల స్పీకర్ నొక్కింది, శుభవార్త అందరి ముందే చెప్పాలని.

ఆమె నోరు తెరిచేలోపే స్టీవెన్ గొంతు గదిలో నిండింది. "చెల్లీ, చెప్పేది విను. బల్ల అద్దం కింద ఒక పాత కాగితం ఉంటుంది. తీసి చించెయ్. ఎవరికీ చూపించకు. ఆ పేజీలో నీ పాస్‌వర్డే పడుతుందని నాకు తెలీదు చెల్లీ, కసమ్ సే, ఒట్టు. నీకేం కాదు, సుష్మ మేడమ్ చూసుకుంటానన్నారు. రేపటి బెర్తు ఒక్కటీ టూరు పార్టీకి అమ్ముడైపోతే ఇంక..."



"చెల్లీ? ఉన్నావా?"

"స్టీవెన్," అన్నాడు కన్నారావు. "నేను."

 "అంకుల్... ఆ తలుపు మీరే కదా చూపించారు. మూసేస్తానన్నారు. మీరే మూసుంటే..."

లైను తెగిపోయింది. ఎలీసబెతు ఫోన్‌ను అలాగే పట్టుకుని నిలబడింది, అది ఎవరిదో తెలియనట్టు.

సుష్మ మాత్రం తొణకలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "మీరు నోరు తెరవరనే రానిచ్చాను కన్నారావు గారూ. ఈ పేజీ మీదని స్టీవెన్ ఎప్పుడో చెప్పాడు. ఇప్పటికీ మించిపోయిందేమీ లేదు. ఈ కాగితం లేకపోతే నాకూ మంచిదే, మీకూ మంచిదే. ఈ వయసులో కోర్టులెందుకు?"

నిజమే. జెట్టీ కమ్మీ దగ్గర తను అనుకున్న మాటే. ఇంకొకరి నోట వింటే ఎంత అసహ్యంగా ఉందో!

"చింపేయండి మేడమ్. చేతిరాత నాదే కదా, మళ్లీ రాస్తాను. ఈసారి సంతకం కూడా పెడతాను."

"సాక్షి సంతకం నాది," అన్నాడు యుగంధర్.

సుష్మ మొహంలో రంగు మారింది. గడియారం చూసింది. నాలుగూ యాభై నాలుగు. "రాసుకోండి. కేసు ఏళ్లు నడుస్తుంది. కానీ మూడో నంబరు బెర్తు ఇప్పుడు ఖాళీ, ఐదుకి లిస్టు దానంతటదే మూసుకుంటుంది. అందులో పేరు ఎక్కించే లాగిన్లు మూడే. నాదొకటి. స్టీవెన్‌దొకటి. ఈ పిల్లది ఆపేశాను. ఎరుకమ్మ సంగతి మంగళవారం చూద్దాం."

యుగంధర్ కీబోర్డు మీద చేతులు ఆడించి తల అడ్డంగా ఊపాడు. "ఉత్త యూజర్ని చేర్చడం వరకే నా అధికారం భయ్యా. టికెట్ల లిస్టు చూడగలను గానీ రాయలేను."

యాభై ఆరు. ఎలీసబెతు ఏడవలేదు. కన్నారావు దగ్గరకొచ్చి, "అంకుల్, ఆమె పేరు ఎక్కించండి. అన్నయ్య సంగతి తర్వాత చూద్దాం," అంది.

కన్నారావు కళ్లు మూసుకున్నాడు. ఆ పాత చీటీ కళ్లముందు కదిలింది. మొదటిది, లైట్ మూసెయ్యాలి. రెండోది, నా లాగిన్ తీసెయ్యాలి.

అతను లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. స్టాఫ్ పేజీ. తాళం గుర్తు ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు, ఉంది. యూజర్, కన్నారావు. పాస్‌వర్డు, రాజకుమారి పేరు, దాని వెనక వాళ్ల పెళ్లి సంవత్సరం. ఆ అక్షరాలు కొట్టి ఇన్నేళ్లయినా వేళ్లు మర్చిపోలేదు.

తెరుచుకుంది.

"అది నేరం!" అంది సుష్మ. "మీరు ఈ కంపెనీ మనిషి కాదు!"

"తెలుసు మేడమ్."

మెట్ల మీద బూట్ల చప్పుడు. కన్నారావు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. బెర్త్ మూడు. ఎరుకమ్మ. రోగి. ఖాయం చెయ్యి. చక్రం తిరిగింది, ఆగింది, తిరిగింది. నాలుగూ యాభై తొమ్మిదికి పేరు లిస్టులో పడింది. ఆ వెంటనే లిస్టు మూసుకుంది.

తలుపు తెరుచుకుని ఇద్దరు పోలీసులు లోపలికొచ్చారు. ముందున్నాయన గదంతా కలయజూసి, తెర మీద ఇంకా వెలుగుతున్న లాగిన్ వైపు వేలు చూపించాడు.

"యే లాగిన్ కిస్‌కా హై?"

ఎలీసబెతు పక్కకు ఒక అడుగు వేసి కన్నారావు కుర్చీ వెనక నిలబడింది, వీపు మీద చెయ్యి వేసింది.

"నాది," అన్నాడు కన్నారావు.